పిన్‌బాల్ మెషీన్‌లో బ్యాకప్ సెల్స్: ఏవి కొనాలి, ఎలా మార్చాలి, కారితే ఏం చేయాలి

మా అక్క స్కోరు కోటీ డెబ్బై లక్షలు. ఇంట్లో అందరికీ ఆ అంకె కంఠతా వచ్చు. పోయిన అంకె కాబట్టే అంత బాగా గుర్తుంది.

మెషీన్ మా బావది, బటన్లు నొక్కితే కదిలే ఫ్లిప్పర్లతో స్టీలు బంతిని కొడుతూ స్కోరు పెంచే పిన్‌బాల్ ఆట. అమెరికా నుంచి చెన్నైకి తిరిగొచ్చేటప్పుడు సామాన్ల కంటైనర్‌లో సోఫాల పక్కన ఎక్కించి తెచ్చుకున్నాడు. 1990లో షికాగోలో విలియమ్స్ కంపెనీ చేసిన ఫన్‌హౌస్. ఆట మధ్యలో రూడీ అనే బొమ్మ తల కళ్లు తిప్పుతూ మనల్ని వెక్కిరిస్తుంది. ఓ ఆదివారం పొద్దున్న స్విచ్ వేయగానే డిస్‌ప్లే మీద 'ఫ్యాక్టరీ సెట్టింగ్స్ రిస్టోర్డ్' అని వచ్చింది. హై స్కోర్ పట్టికలో అక్క పేరు లేదు. బావే కావాలని చెరిపేశాడని ఆవిడ అనుమానం. స్కోరుకు ఫోటో లేదు కాబట్టి ఆవిడ దగ్గర సాక్ష్యమూ లేదు.

నన్ను పిలిచారు. పైపెట్టె, అంటే మెషీన్ వెనక నిలువుగా ఉండే స్కోరు పెట్టె తెరిస్తే, లోపలి సర్క్యూట్ బోర్డు మీద మూడు పెన్సిల్ సెల్స్, వాటిలో ఒకదాని చివర తెల్లటి పొడి. స్కోరు సంగతి అక్కడే మర్చిపోయాను. ఆ పొడికి రెండు వేళ్ల దూరంలో చిప్‌లున్నాయి. విలియమ్స్ 1999లోనే పిన్‌బాల్ తయారీ ఆపేసింది. అందుకే ఈ పని చేసేటప్పుడు సెల్‌నీ స్కోరునీ పక్కన పెట్టి, ముందు బోర్డును చూసుకోండి. సెల్ పోతే కొట్లో దొరుకుతుంది. స్కోరు పోతే, కష్టమే అనుకోండి, అక్క మళ్లీ కొడుతుంది. ముప్పై ఏళ్లు దాటిన బోర్డు పోతే దాని కోసం ఊళ్లు వెతకాలి.

ఈ సెల్స్ అసలు ఏం చేస్తాయి

మెషీన్ ఆపేశాక స్కోర్లు, సెట్టింగులు, ఎన్ని ఆటలు ఆడారన్న లెక్కలు ఒక చిన్న ర్యామ్ చిప్‌లో ఉంటాయి. కరెంటు పోతే ఆ చిప్ అన్నీ మర్చిపోతుంది. అలా మర్చిపోకుండా సెల్స్ దానికి సన్నగా కరెంటు అందిస్తుంటాయి. అది ఎంత తక్కువంటే, సెల్‌లో చార్జి అయిపోవడం కంటే ముందే సెల్ ముసలిదై కారడం మొదలుపెడుతుంది. 'స్కోర్లు నిలుస్తున్నాయిగా, సెల్స్ బాగానే ఉన్నాయిలే' అనుకోవడం ఇక్కడే బెడిసికొడుతుంది. స్కోర్లు చక్కగా నిలుస్తూ ఉండగానే కింద బోర్డును తినేసిన సెల్స్ ఉంటాయి.

కారేది ఆల్కలైన్ సెల్ అయితే బయటికొచ్చేది పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే ఘాటైన క్షారం. సెల్ పాతబడే కొద్దీ లోపల హైడ్రోజన్ వాయువు పుట్టి ఒత్తిడి పెరుగుతుంది, మూత దగ్గరి సీలు లొంగిపోతుంది. వేడి ఎక్కువైతే ఇదంతా ఇంకా తొందరగా జరుగుతుంది. మే నెలలో తలుపులేసి ఊరెళ్లిన చెన్నై ఫ్లాట్‌లో పైపెట్టె లోపలి వేడి ఊహించుకోండి. బయటికొచ్చిన క్షారం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి తెల్లటి పొడిగా గట్టిపడుతుంది. కానీ అక్కడితో ఆగదు. తడి రాగి గీతల వెంట, పైనున్న ఆకుపచ్చ పూత కిందుగా పాకుతుంది. సముద్రపు తేమ ఉన్న ఊళ్లో దానికి తోడు కూడా దొరుకుతుంది.

మీ మెషీన్‌లో ఏముందో ముందు చూడండి

1977 నుంచి 1998 దాకా వచ్చిన విలియమ్స్ ఎలక్ట్రానిక్ మెషీన్లలో, 1990ల బాలీ మెషీన్లలో, డేటా ఈస్ట్, సెగా మెషీన్లలో ఎక్కువగా కనిపించేది మూడు ఏఏ సైజు సెల్స్, అంటే మన పెన్సిల్ సెల్స్. మూడు ఒకటిన్నర్లు, నాలుగున్నర వోల్టులు.

1977 నుంచి 1980ల మధ్య దాకా వచ్చిన బాలీ, స్టెర్న్, గాట్లీబ్ మెషీన్ల సంగతి వేరు. వాటిలో బోర్డుకు టంకం వేసిన 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం ప్యాక్ ఉంటుంది. మెషీన్ నడుస్తున్నప్పుడు అదే చార్జి అవుతుంది. దాని గురించి చివర్లో చెబుతాను, ఎందుకంటే అక్కడ మార్చడం కాదు, పీకేయడమే పని. ఎలక్ట్రానిక్స్ రాకముందటి రిలేల మెషీన్ అయితే సెల్సే ఉండవు, హాయిగా ఆడుకోండి.

ఏ సెల్ కొనాలి

చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్ల బజారు రిచీ స్ట్రీట్‌లో నాకు జరిగింది చెబితే సగం పాఠం అయిపోతుంది. కొట్టాయన గూడూరు వైపు మనిషి, నా తెలుగు విని సంబరపడ్డాడు.

"రిమోట్‌కా, గడియారానికా?"

"ఆట మెషీన్‌కి అన్నా, మూడు కావాలి."

"అయితే ఇది తీసుకో తమ్ముడూ. సైజు అదే, పవరు రెండింతలు!"

ఆయన చేతిలో ఉన్నది 14500 రకం లిథియం సెల్. సైజులో అచ్చం పెన్సిల్ సెల్ లాగే ఉంటుంది, వోల్టేజి మాత్రం 3.7. మూడు కలిపితే పదకొండు దాటుతుంది. అయిదు వోల్టుల ర్యామ్ చిప్‌కి అది చావుదెబ్బ. నీటి మీటర్లలాంటి వాటిలో వాడే 3.6 వోల్టుల ఈఆర్14505 కూడా ఇదే సైజు, ఇదే ప్రమాదం. సైజు చూసి కాదు, సెల్ మీద 1.5 వోల్టులు అని రాసి ఉంటేనే కొనండి.

ఆ 1.5 వోల్టుల్లోనూ రకాలున్నాయి. గోడ గడియారంలో వేసే చవక జింక్ కార్బన్ సెల్స్ వద్దే వద్దు. వాటి జింకు డబ్బానే అరిగి చిల్లులు పడుతుంది. మంచి కంపెనీ ఆల్కలైన్ ఫరవాలేదు, కానీ ఏడాదికోసారి కచ్చితంగా మార్చాలి. చార్జి మిగిలి ఉన్నా సరే తీసేయండి. వాటిని పిల్లల బొమ్మ కారులో వేస్తే వృథా కాదు.

నేను వాడేది లిథియం ఐరన్ డైసల్ఫైడ్ సెల్స్. ఎనర్జైజర్ అల్టిమేట్ లిథియం ఆ రకమే. ఆల్కలైన్ కంటే చాలా రెట్లు ఖరీదు, కానీ కారడం బహు అరుదు, వేడినీ బాగా తట్టుకుంటాయి. కొత్తవాటిని మల్టీమీటర్‌తో కొలిస్తే ఒక్కోటి 1.8 దగ్గర చూపిస్తుంది. కంగారు పడకండి, వాటి తీరే అంత.

ఆన్‌లైన్‌లో 'లిథియం, 1.5 వోల్టులు, రీచార్జబుల్' అని యూఎస్‌బీ రంధ్రంతో వచ్చేవి మాత్రం వేరే జాతి. వాటి లోపల వోల్టేజి తగ్గించే బుల్లి సర్క్యూట్ ఉంటుంది, అది ఊరికే కూర్చుని కూడా సెల్‌ను తాగేస్తుంది. మామూలు రీచార్జబుల్ ఏఏ సెల్స్ కూడా ఇక్కడ పనికిరావు. ఒక్కోటి 1.2 వోల్టులే, వాటిని చార్జి చేసే ఏర్పాటు ఈ బోర్డుల్లో లేదు, వాటంతటవే దిగిపోతాయి.

మార్చే ముందు

అన్నిటికంటే ముందు ఫోన్ తీయండి. కాయిన్ డోర్, అంటే ముందువైపు నాణేలు వేసే చిన్న తలుపు, దాని లోపలున్న బటన్లతో మెనూలోకి వెళ్లి, అడ్జస్ట్‌మెంట్స్‌లో మీరు మార్చుకున్న ప్రతి సెట్టింగునూ ఫోటో తీయండి. తర్వాత హై స్కోర్ పట్టికనూ తీయండి. ఈ రెండో ఫోటో మెషీన్ కోసం కాదు, సంసారం కోసం.

తర్వాత మెషీన్ ఆపి, ప్లగ్ కూడా పీకండి. మన 230 వోల్టులకూ ఆ మెషీన్‌కూ మధ్య స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఉంటే దాన్ని గోడ దగ్గరే ఆపండి. అయిదు నిమిషాలు ఆగండి. పాత డిస్‌ప్లేల సర్క్యూట్లో వంద వోల్టులు, కొన్నిటిలో అంతకంటే ఎక్కువే తిరుగుతాయి, కెపాసిటర్లు ఆ చార్జిని కాసేపు పట్టి ఉంచుతాయి.

పైపెట్టె తాళంచెవి చాలాసార్లు కాయిన్ డోర్ లోపలి కొక్కేనికే వేలాడుతుంటుంది. తాళం తీసి, ముందున్న బొమ్మల అద్దాన్ని పైకెత్తి బయటికి తీయండి. దాన్ని పరుపు మీద పెట్టండి. గోడకు ఆనిస్తే ఎవరో ఒకరు తన్నేస్తారు. వెనకున్న లైట్ల పలకకు మడతబందులుంటాయి, తలుపులా తెరుచుకుంటుంది. బోర్డులు దాని వెనక ఉంటాయి. చేయి పెట్టే ముందు లోపలున్న జడలాంటి ఎర్త్ తీగను ఒకసారి తాకండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ పోతుంది.

ఇప్పుడు టార్చి వేసి తీరిగ్గా చూడండి. సెల్స్ చివర తెల్ల పొడి, స్ప్రింగుల మీద పచ్చటి చిలుము, హోల్డర్ చుట్టూ బోర్డు రంగు మారడం, చిప్ కాళ్లు మసకబారడం. ఇవేవీ లేకపోతే మీ పని పావుగంట. ఉంటే శుభ్రం చేసే భాగం ముందు చదవండి.

మార్చడం

మెషీన్ ఆన్‌లో ఉంచి సెల్స్ మారిస్తే స్కోర్లు పోవు. ఆ సమయంలో ర్యామ్‌కు మెషీన్ పవరే అందుతుంది కదా. అనుభవం ఉన్నవాళ్లు అలాగే చేస్తారు. నేనూ చేశాను, మధ్యలో మా వీధిలో కరెంటు పోయింది కూడా! మీకిది మొదటిసారైతే ఆపి ప్లగ్ పీకే చేయండి. ఫోటోలున్నాయి కదా, సెట్టింగులు మళ్లీ కొట్టుకోవచ్చు. ఆన్‌లోనే చేస్తానంటే ఉంగరం, గడియారం తీసేయండి, రెండో చేయి జేబులో పెట్టుకోండి, స్క్రూడ్రైవర్ బదులు ఐస్‌క్రీం పుల్లతో సెల్‌ను లేపండి.

సెల్స్ తీశాక ఒక్కోదాన్నీ మల్టీమీటర్‌తో డీసీ 20 వోల్టుల దగ్గర కొలవండి. ఆల్కలైన్ 1.4 కంటే తక్కువ చూపిస్తే దాని కాలం చెల్లినట్టే. ఒక్కటే దిగినా మూడూ మార్చాలి. పాతా కొత్తా కలిపితే పాతది ముందు ఖాళీ అయి, తర్వాత కారుతుంది.

హోల్డర్ రేకులను ఇయర్ బడ్‌తో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. స్ప్రింగు తుప్పు పట్టి ఉంటే గరుకు కాగితంతో రుద్ది సరిపెట్టకండి. పైపూత పోయాక అది రెండో వాన కూడా దాటదు. హోల్డరే మార్చేయండి.

ఇంతవరకు అందరూ చేస్తారు. చాలామంది వదిలేసేది డయోడ్ పరీక్ష. సెల్స్ ప్లస్ వైపు నుంచి ర్యామ్‌కు వెళ్లే దారిలో ఒక డయోడ్ ఉంటుంది. సెల్స్ నుంచి కరెంటు అటు వెళ్లనిస్తుంది, మెషీన్ అయిదు వోల్టులు ఇటు రానివ్వదు. అది షార్ట్ అయితే మెషీన్ ఆన్‌లో ఉన్నంతసేపూ సెల్స్‌ను చార్జి చేయాలని చూస్తుంది. ఆల్కలైన్ అయితే కారుతుంది. లిథియం అయితే ఇంకా ప్రమాదం, పగలొచ్చు కూడా. మెషీన్ ఆపి, సెల్స్ తీసి, మల్టీమీటర్‌ను డయోడ్ గుర్తు దగ్గర పెట్టి రెండు వైపులా కొలవండి. ఒకవైపు 0.2 నుంచి 0.7 మధ్య ఏదో ఒక అంకె రావాలి, అటుదిటు తిప్పితే చాలా ఎక్కువ చూపించాలి లేదా ఏమీ చూపించకూడదు. రెండువైపులా సున్నా దగ్గరే ఉంటే డయోడ్ పోయింది. అది మార్చేదాకా సెల్స్ వేయకండి. డయోడ్ ఖరీదు టీ ఖరీదంత కూడా ఉండదు.

సెల్స్ వేసేటప్పుడు ప్లస్, మైనస్ గుర్తులు చూసుకోండి. పక్కపక్క సెల్స్ తలకిందులుగా ఉంటాయి, మూడూ ఒకే వైపు ఉండవు. ప్రతి సెల్ మీదా మార్కర్‌తో తేదీ రాయండి.

ఆఖరి పరీక్ష. మెషీన్ ఆపి ఉండగానే ర్యామ్ చిప్ దగ్గర వోల్టేజి కొలవండి. 1990ల విలియమ్స్ బోర్డుల్లో ఉండే 28 కాళ్ల 6264 అయితే 28వ కాలు ప్లస్, 14వది గ్రౌండ్. అంతకుముందు బోర్డుల్లోని 24 కాళ్ల 6116కు 24, 12. ఇంకా పాత 22 కాళ్ల 5101కు 22, 8. నాలుగు వోల్టుల చుట్టుపక్కల రావాలి, లిథియం సెల్స్‌తో ఇంకాస్త ఎక్కువ. సెల్స్ కొత్తవై, ఇక్కడ మాత్రం సున్నా చూపిస్తే దారిలో ఎక్కడో తెగింది. ఎక్కువగా హోల్డర్ రేకు దగ్గరో, తినేసిన రాగి గీత దగ్గరో ఉంటుంది. చిప్ రెండు వోల్టుల దాకా జ్ఞాపకం నిలుపుకుంటుంది, అంతకంటే దిగితే నమ్మలేం.

ఇక స్విచ్ వేయండి. సెట్టింగులు పోయి ఉంటే ఫోటోలు చూసి కొట్టుకోండి, తేదీ, టైమూ కూడా పెట్టండి. 1970లు, 80ల మొదటి విలియమ్స్ మెషీన్లు సెల్స్ తీశాక ఆట మొదలుపెట్టకుండా ఆడిట్ అంకెలు, అంటే ఆడిన ఆటల లెక్కలు చూపిస్తూ నిలబడిపోతాయి. చెడిపోయిందని టెన్షన్ పడకండి. ఒకసారి ఆపి వెంటనే మళ్లీ వేస్తే చాలావరకు దారికొస్తుంది.

కారి ఉంటే

కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు వేసుకోండి. ఆ పొడి కంట్లో పడితే మామూలు దుమ్ము కాదు. కనెక్టర్లన్నీ ఫోటో తీసి, పీకి, బోర్డు బయటికి తెచ్చుకోండి. ఉన్నచోటే తుడిస్తే తడి కిందికి జారి ఇంకో బోర్డుకు అంటుతుంది.

క్షారానికి విరుగుడు ఆమ్లం. వంటింట్లో ఉండే తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, పాత టూత్ బ్రష్‌తో ఆ భాగాన్ని మాత్రమే రుద్దండి. సన్నగా నురుగు వస్తుంది. అది ఆగేదాకా రుద్ది, వెంటనే డిస్టిల్డ్ వాటర్‌తో బాగా కడగండి. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే నీళ్లే. చెన్నై బోరు నీళ్లు మాత్రం వద్దు, ఆ ఉప్పు మళ్లీ కొత్త తలనొప్పి. ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఫ్యాన్ కింద ఒక రాత్రంతా ఆరనివ్వండి. కారింది జింక్ కార్బన్ సెల్ అయితే లెక్క తిరగబడుతుంది. అది ఆమ్లం వైపు ఉంటుంది కాబట్టి వెనిగర్ బదులు వంటసోడా నీళ్లు వాడాలి.

కడిగాక భూతద్దంతో చూడండి. ఆకుపచ్చ పూత కింద రాగి గీత నల్లబడి ఉంటే, ఆ పూతను మెల్లగా గోకి రాగి మెరిసేదాకా తెచ్చి టంకం పూయాలి. నల్ల రాగి మీద టంకం అంటుకోదు. అంటుకోవడం లేదంటే ఇంకా శుభ్రం కాలేదన్నమాట. చిప్ సాకెట్ల లోపలికి క్షారం దిగితే సాకెట్ మార్చక తప్పదు. విలియమ్స్ బోర్డుల్లో ఇలా దెబ్బతినేది తరచుగా స్విచ్‌లను చదివే భాగం. ఎడమ ఫ్లిప్పర్ పక్క లేన్ పలకకపోవడం, తగలని టార్గెట్‌కు పాయింట్లు రావడం లాంటివి కనిపిస్తే ముందు అటు చూడండి. టంకం చేయి బాగా తిరగనివాళ్లు ఇక్కడ ఆగి, తెలిసినవాళ్లకు ఇవ్వడమే మంచిది. ఆ కాలపు బోర్డుల రాగి గీతలు కాస్త ఎక్కువ వేడి తగిలితే ఊడి వచ్చేస్తాయి.

సెల్స్‌ను బోర్డు నుంచి దించడం

నా లెక్కలో లిథియం సెల్స్ కంటే మంచి పని ఇది. రెండూ చేస్తే ఇంకేం కావాలి. బోర్డు మీది హోల్డర్ తీసేసి, ప్లస్ మైనస్ చోట్ల రెండు తీగలు టంకం వేసి, మధ్యలో రెండు పిన్నుల కనెక్టర్ పెట్టి, విడి హోల్డర్‌ను పైపెట్టె అడుగున బోర్డులన్నిటికంటే కిందుగా బిగించండి. కారినా చెక్క మీదే కారుతుంది.

కొట్లలో రెండు సెల్స్ హోల్డర్, నాలుగు సెల్స్ హోల్డర్ సులువుగా దొరుకుతాయి, మూడుది అడిగితే వెతుక్కోవాల్సి వస్తుంది. నాలుగుది తీసుకుని, నాలుగో గదిలో సెల్‌కు బదులు ఒక 1ఎన్5817 డయోడ్‌ను టంకం వేయండి, దాని గీత ఉన్న కొస బోర్డు ప్లస్‌కు వెళ్లే తీగ వైపు ఉండాలి. బోర్డు మీది డయోడ్ ఎప్పుడైనా షార్ట్ అయినా ఇది కాపు కాస్తుంది.

అసలు సెల్సే లేకుండా చేసే దారీ ఉంది. ర్యామ్ చిప్ తీసేసి దాని చోట ఎఫ్‌ర్యామ్‌తో చేసిన ఎన్‌వీర్యామ్ పెడితే, కరెంటు లేకపోయినా ఏదీ మర్చిపోదు. 5101కూ, 6116కూ, 6264కూ సరిపోయేవి ఉన్నాయి. చిప్ సాకెట్‌లో ఉంటే రెండు నిమిషాల పని. నేరుగా బోర్డుకు టంకమై ఉంటే 28 కాళ్లు విడదీయాలి, అది మొదటిసారి టంకం పట్టుకున్నవాళ్ల పని కాదు. 1990ల విలియమ్స్ మెషీన్లలో ఇంకో తిరకాసు ఉంది. సెల్స్ లేకపోతే గడియారం ఆగిపోతుంది, స్విచ్ వేసినప్పుడల్లా టైము తప్పు చూపిస్తుంది. ఆటకు అడ్డం రాదు. మా బావ మాత్రం అందుకే వద్దన్నాడు. రాత్రి పన్నెండుకు ఆపలేకపోయానని చెప్పడానికి ఆయనకు ఆ గడియారం కావాలట.

పాత బాలీ, స్టెర్న్, గాట్లీబ్ ఉన్నవాళ్లకు

నికెల్ కాడ్మియం ప్యాక్ కనిపిస్తే అది కారిందా లేదా అని ఆలోచించకండి. కటింగ్ ప్లయర్‌తో రెండు కాళ్లూ కత్తిరించి ఇవాళే తీసేయండి. అది లేకపోయినా మెషీన్ నడుస్తుంది, స్కోర్లు మాత్రమే నిలవవు. బాలీ బోర్డులో ఆ ప్యాక్ కారితే దెబ్బ తగిలేది రీసెట్ సర్క్యూట్‌కు, అది పోతే స్విచ్ వేసినప్పుడు బోర్డు మీది ఎల్ఈడీ ఏడుసార్లు వెలిగే లెక్క పూర్తికాదు, ఆట మొదలే కాదు.

దాని చోట ఒక ఫారడ్, 5.5 వోల్టుల మెమరీ కెపాసిటర్ పెట్టవచ్చు. చార్జింగ్ ఏర్పాటు ఎలాగూ ఉంది కాబట్టి అదే నింపుకుంటుంది, కానీ నెలల తరబడి మెషీన్ ముట్టుకోకపోతే ఖాళీ అవుతుంది. లిథియం నాణెం సెల్ పెడతానంటే చార్జింగ్ కరెంటు దానికి చేరకుండా డయోడ్ తప్పనిసరి. నన్నడిగితే ఇలాంటి బోర్డుకు 5101 చోట ఎన్‌వీర్యామ్ పెట్టడమే నయం.

పాత సెల్స్ ఎక్కడ పడేయాలి

చెత్తబుట్టలో కాదు. కొట్టివేసిన చెత్తబుట్ట బొమ్మ సెల్స్ మీద ఉండేది అందుకే. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు ఇంట్లో వాడే చిన్న సెల్స్‌కూ వర్తిస్తాయి. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. లిథియం వాటి చివర్లకు టేపు అంటించి మరీ ఇవ్వండి.

మా ఇంట్లో సెల్స్ మార్చే రోజు భోగి. పాతవి తీసేసే రోజు కాబట్టి ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఒకే ఒక్క జాగ్రత్త, కిందటి భోగికి మా మేనల్లుడు చేయబోయినట్టు ఆ సెల్స్‌ను మంటలో వేయకండి, పేలుతాయి. ఆ రోజు వాడి చేతిలోంచి లాక్కుని డబ్బాలో వేశాను, పైకొచ్చి కొత్తవి వేశాను, అక్క ఫోన్ తీసి పట్టికను ఫోటో తీసుకుంది. ఈసారి పైనున్న స్కోరు బావది.